రేడియాలజీ రెసిడెన్సీకి అమెరికా వస్తున్నారా? పుస్తకాలు కొనేముందు ఇది చూడండి

మ్యాచ్ (అంటే రెసిడెన్సీ సీటు) వచ్చిందో లేదో వాట్సాప్ గ్రూపులో "అన్నా ఏ బుక్స్ కొనాలి" అని మొదలవుతుంది. కాస్త ఆగండి. ముందు మీ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి బుక్ ఫండ్ ఎంత ఉంది, స్టాట్‌డీఎక్స్, రాడ్‌ప్రైమర్ లాంటి ఆన్‌లైన్ రేడియాలజీ మెటీరియల్స్ హాస్పిటల్ లాగిన్‌తో వస్తాయా అని కనుక్కోండి, చాలా చోట్ల ఏదో ఒకటి వాళ్ళే ఇస్తారు, సొంత డబ్బు పెట్టాక తెలిస్తే కడుపు మండుతుంది. ఆర్ఎస్ఎన్ఏ (ఉత్తర అమెరికా రేడియాలజీ సొసైటీ) మెంబర్‌షిప్ రెసిడెంట్లకి ఫ్రీనే, రేడియోగ్రాఫిక్స్ జర్నల్ దాంతోనే వస్తుంది.

ఇండియా నుంచి ఎంట్రన్స్ గైడ్లు మోసుకురాకండి. 23 కిలోల సూట్‌కేసులో ఆవకాయకే చోటు చాలదు.

ఎక్కువమందికి ముందు ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత నాలుగేళ్ళు రేడియాలజీ. ఇంటర్న్ ఇయర్‌లో రేడియాలజీ టెక్స్ట్‌బుక్ ముట్టుకోకపోయినా కొంపలేం మునిగిపోవు, మీ పేషెంట్ల స్కాన్లు మీరే ఓపెన్ చేసి చూసి, తర్వాత రిపోర్ట్ చదవండి, అది చాలు.

ఆర్1కి, అంటే రేడియాలజీ మొదటి ఏడాదికి, ఒక్క మెయిన్ బుక్ పెట్టుకోండి. చాలామంది కోర్ రేడియాలజీతో మొదలుపెడతారు, సెకండ్ ఎడిషన్ రెండు వాల్యూములు, ఏ రొటేషన్‌లో ఉంటే ఆ చాప్టర్ చదివితే సరిపోతుంది. కోర్ ఎగ్జామ్ (రేడియాలజీ బోర్డు పరీక్ష) మెటీరియల్, ఫిజిక్స్ క్వశ్చన్ బ్యాంకులు ఇప్పుడే కొనడం దండగ, ఆ పరీక్ష మూడేళ్ళ రేడియాలజీ అయ్యాకే.

అసలు ఇబ్బంది పుస్తకాల్లో లేనిచోట వస్తుంది. మన దగ్గర ఎంబీబీఎస్‌లో సీటీ అంటే ఫిల్మ్ మీద నాలుగు స్లైసులు, ఇక్కడేమో వందల స్లైసులు స్క్రోల్ చెయ్యాలి. అందుకే రేడియోపీడియా వెబ్‌సైట్‌లో (ఫ్రీనే) నార్మల్ సీటీ ఒకటి తీసి, పోర్టల్ వీన్ ఎక్కడ చీలుతుంది, అపెండిక్స్ సీకమ్ నుంచి ఎటు పోతోంది అని రోజూ కాసేపు వేలు పెట్టి వెతకండి. ఐసీయూ చెస్ట్ ఎక్స్‌రేలో ఈటీ ట్యూబ్ (శ్వాసనాళంలో పెట్టే గొట్టం) చివర కెరీనాకి (శ్వాసనాళం రెండుగా చీలేచోటుకి) 3 నుంచి 7 సెంటీమీటర్ల పైన ఉండాలి, ఇలాంటివి మొదటి వారంలోనే అడుగుతారు, ఏ జబ్బు ఎంతమందికి వస్తుందన్నది ఎవరూ అడగరు.

ఇంకోటి, డిక్టేషన్, అంటే రిపోర్ట్ నోటితో చెప్తే సాఫ్ట్‌వేర్ టైప్ చేస్తుంది. "నో న్యూమోథొరాక్స్" (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరలేదు) అని చెప్తే సాఫ్ట్‌వేర్ ఆ "నో" మింగేసిందనుకోండి, రిపోర్ట్ మొత్తం తిరగబడుతుంది, మన యాసకి ఇంకాస్త జాగ్రత్త పడాలి. సీనియర్ల దగ్గర నార్మల్ టెంప్లేట్లు అడిగి తీసుకోండి, సంతోషంగానే ఇస్తారు, ఏ బుక్కూ అంత పనికిరాదు.

పన్నెండు నెలల రేడియాలజీ ట్రైనింగ్ అయ్యేదాకా ఇండిపెండెంట్ కాల్ (సీనియర్ పక్కన లేకుండా ఒంటరిగా చేసే డ్యూటీ) ఇవ్వకూడదని రూల్ ఉంది, కాబట్టి మొదటి ఏడాది మెటీరియల్ ఏదైనా రాత్రి ఎమర్జెన్సీలో వచ్చేవాటికి, అంటే హెడ్ బ్లీడ్, పీఈ (ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ), అపెండిసైటిస్, టార్షన్ (వృషణం లేదా అండాశయం మెలిపడటం), వీటికి పనికొస్తుందా అని చూసే కొనండి. ఎమ్మెస్కే (ఎముకలు, కండరాల) ట్యూమర్ల లావుపాటి పుస్తకం లైబ్రరీలో ఎలాగూ ఉంటుంది.