నవంబర్ నీళ్ళలోకి దిగేముందు: చేపలకూ బాతులకూ ఒకే అల్యూమినియం బోటు ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బాతుల వేట సీజన్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. అప్పటికి సరస్సుల్లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, మధ్యాహ్నం టీషర్టుతో తిరగొచ్చు. కానీ ఉత్తరం నుంచి పెద్ద గుంపులు దిగేది అక్టోబర్ చివర్లో, నవంబర్ మొదట్లో. చీకట్లో ప్రయాణం, ఎదురుగాలి, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న నీళ్ళు అన్నీ ఒకేసారి మీద పడేది అప్పుడే. వేసవంతా వాలై చేపల కోసం తిప్పిన బోటుతోనే మనం ఆ నీళ్ళలోకి దిగుతాం. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒకటే: బోటు కొనేది, సామాను బిగించేది నవంబర్ నీళ్ళను చూసి చేయండి, జూన్ నీళ్ళను చూసి కాదు.

ఇక్కడి పాతవాళ్ళు 1940 నవంబర్ 11 గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆర్మిస్టిస్ డే, అంటే మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజు, సెలవు. పొద్దున వాతావరణం హాయిగా ఉందని చాలామంది పలచటి కోట్లతో మిసిసిపీ నది పాయల్లోకి, లంకల్లోకి బాతుల వేటకు వెళ్ళారు. కాసేపటికే గాలి తిరిగింది, వాన మంచుగా మారింది, చిన్న పడవలు ఆ అలల్లో ఒడ్డుకు రాలేకపోయాయి. ఆ తుఫానుకు మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు. వాళ్ళలో దాదాపు సగం మంది బాతుల వేటకు వెళ్ళినవాళ్ళే. ఇవాళ ఫోన్లో వాతావరణం చూసుకునే సౌకర్యం ఉంది కానీ, గాలి తిరిగాక చిన్న బోటు పరిస్థితి అప్పుడెలా ఉందో ఇప్పుడూ అంతే.

ఏ బోటు

అమ్మకాల ప్రకటనల్లో 1448, 1648 అనే అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండంకెలు పొడవు అడుగుల్లో, తర్వాతి రెండు అడుగుభాగం వెడల్పు అంగుళాల్లో. 1648 అంటే 16 అడుగుల పొడవు, 48 అంగుళాల వెడల్పు. బల్లపరుపు అడుగున్న జాన్ బోటు లోతులేని నీళ్ళలో, జమ్ము మధ్యలో చక్కగా జారుతుంది, నిలబడితే ఊగదు. అదే బోటు మిలాక్స్ లాంటి సరస్సు మీదికి తీసుకెళితే కథ వేరు. ఆ సరస్సు 200 చదరపు మైళ్ళు పైనే, లోతు చూస్తే ఎక్కడా 45 అడుగులు దాటదు. అంత వెడల్పు, అంత తక్కువ లోతు ఉన్నచోట గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బల్లపరుపు ముక్కు వాటిని చీల్చలేదు, నీళ్ళు నేరుగా ఒళ్ళోకి వస్తాయి. మీరు వెళ్ళేది చిన్న చెరువులకే అయితే జాన్ బోటు చాలు. పెద్ద సరస్సులో చేపలు, నదిలో బాతులు అనుకుంటే మాత్రం ముక్కు వి ఆకారంలో, పక్కలు ఎత్తుగా, వెనక మోటారు తగిలించే ట్రాన్సమ్ 20 అంగుళాలు ఉన్న బోటే చూడండి. 15 అంగుళాల ట్రాన్సమ్ బోట్లు చవగ్గా దొరుకుతాయి. ఆ తగ్గిన ఐదు అంగుళాలే వెనకనుంచి వచ్చే అలకు దారి.

బోటు రేకులు అతికింది రివెట్లతోనా, వెల్డింగుతోనా అని చాలా చర్చ జరుగుతుంది. నా మట్టుకు నీళ్ళలో మొద్దులు, రాళ్ళు, పలచటి మంచు పలకలు తగిలే చోట వేటాడేవాళ్ళకు వెల్డింగ్ బోటే మేలు. రివెట్ల బోటు చెడ్డది కాదు, తేలిగ్గా ఉంటుంది, కాకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ రివెట్లు వదులై నీళ్ళు కారతాయి. పాత బోటు కొంటుంటే ట్రైలర్ మీదే బిరడా బిగించి, లోపల రెండు మూడు అంగుళాల నీళ్ళు పోసి, కింద పడుకుని చూడండి. ఎక్కడ చుక్క పడుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మరీ ఎక్కువ నీళ్ళు పోయొద్దు, ఆ బరువుకు ట్రైలర్ మీద అడుగు వంగుతుంది. తర్వాత మోటారు పైభాగం పట్టుకుని గట్టిగా కిందికీ పైకీ ఊపండి. ట్రాన్సమ్ కదిలితే లోపలి చెక్క చివికిందని అర్థం, బేరం అక్కడితో ఆపేయండి.

ఆ చిన్న పలక

అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు బోట్లకు ఎంతమంది ఎక్కొచ్చు, మొత్తం బరువెంత, మోటారు ఎన్ని హార్స్‌పవర్ వరకు ఉండొచ్చు అని రాసిన పలక ఉంటుంది. ముగ్గురు అని రాసి ఉంటే ముగ్గురినీ ఎక్కించేస్తారు చాలామంది. చూడాల్సింది బరువు అంకె.

మా బోటు లెక్క చెబుతాను. చలికోట్లు, వేడర్లు (ఛాతీదాకా వచ్చే, నీళ్ళు దూరని ప్యాంట్లు), బూట్లతో ఇద్దరం కలిపి 420 పౌండ్లు. కుక్క 70. బ్యాటరీ 55. ఆరు గ్యాలన్ల పెట్రోలు ట్యాంకుతో కలిపి 45. నాలుగు డజన్ల దీమపు బాతులు (నిజం బాతుల్ని ఆకర్షించడానికి నీళ్ళ మీద వదిలే బొమ్మలు), వాటి తాళ్ళు, సీసపు బరువులతో 100 దాకా. మాటు కోసం, అంటే బాతులకు కనబడకుండా బోటును దాచే మరుగు కోసం కట్టిన పైపుల చట్రం, గడ్డి, గుడ్డ 80. తుపాకులు, తూటాలు, సంచులు, ఫ్లాస్కు కలిపి 60. అప్పుడే 830 పౌండ్లయింది, ఇంకా మోటారు కలపలేదు. గడ్డి తడిస్తే ఎంత బరువెక్కుతుందో ఈ లెక్కలో లేదు. మీరూ ఒక కాగితం మీద రాసుకోండి. అంకె దాటితే రెండు డజన్ల దీమాలు ఇంట్లో వదిలేయండి, లేదా రెండు ట్రిప్పులు వేయండి.

బరువు ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. మోటారు, బ్యాటరీ, ట్యాంకు, నడిపే మనిషి అందరూ వెనకే ఉంటే వెనకభాగం కిందికి దిగిపోతుంది. బ్యాటరీనీ ట్యాంకునీ ముందుకు జరిపి గట్టిగా కట్టండి. ఒక అక్టోబర్ ఉదయం నేను లంగరు వెనకనుంచి వేశాను, తాడు చేతికి అందుతోంది కదా అని. గాలి పెరిగింది. మొదటి అల ట్రాన్సమ్ అంచు దాటి వచ్చినప్పుడు బోటు అడుగున చీలమండ లోతు నీళ్ళు. నీళ్ళు తోడే పంపు స్విచ్ వేస్తే గుర్రుమంది కానీ నీళ్ళు బయటికి పోవడం లేదు. చెయ్యి పెట్టి చూస్తే పంపు జల్లెడ చుట్టూ మాటుకు కట్టిన జమ్ము పీచు తాడులా చుట్టుకుని ఉంది. వేళ్ళు మొద్దుబారి ఆ పీచు పట్టు దొరకలేదు. రెండో అల రాకముందే మా తమ్ముడు కత్తితో లంగరు తాడు కోశాడు, ముక్కు గాలివైపు తిరిగింది కాబట్టి బయటపడ్డాం. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే వేయండి. పంపు చుట్టూ గట్టి జాలీ కట్టండి. పంపు ఎంత మంచిదైనా నీళ్ళు తోడే డబ్బా ఒకటి తాడుతో కట్టి ఉంచండి, పక్కనే ఒక కత్తి కూడా.

బిగించేటప్పుడు

కొత్తగా బోటు కొన్నవాళ్ళందరికీ లోపలి అడ్డబల్లలు తీసేసి చదునైన డెక్కు వేయాలని ఉంటుంది. ఆ వీడియోలు చూసి నేనూ ఉత్సాహపడ్డాను. దయచేసి తొందరపడకండి. చాలా జాన్ బోట్లలో ఆ అడ్డబల్లలే పక్కలు లోపలికి, బయటికి వంగకుండా పట్టి ఉంచుతాయి. వాటి కడుపులో ఉండే ఫోమే బోటు నీళ్ళతో నిండినా మునగకుండా తేల్చేది. బల్ల తీస్తే ఆ రెండూ పోతాయి. తప్పక తీయాలంటే పక్కలకు అడ్డంగా అల్యూమినియం చట్రం వెల్డింగ్ చేయించి, తీసినంత ఫోమ్ మళ్ళీ మరోచోట బిగించండి. డెక్కు ఎంత ఎత్తయితే బోటు అంత తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది. వేసవిలో ఎత్తు మీద నిలబడి గాలం వేయడం బాగుంటుంది కానీ, బరువైన కోటుతో తుపాకీ పేల్చేటప్పుడు ఆ ఎత్తే ప్రమాదం.

ఇంకో తప్పు డబ్బు ఆదా చేయబోయి చేస్తారు. ఇంటి వెనక డెక్కులకు వాడే, పురుగు పట్టకుండా మందు పట్టించిన ప్లైవుడ్ తెచ్చి బోటులో వేస్తారు. ఆ మందులో రాగి ఉంటుంది. తడిలో రాగికి అల్యూమినియం తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. నేను కొనబోయిన ఒక పాత బోటులో ఆ ప్లైవుడ్ పైకెత్తి చూస్తే కింద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి. వేలితో రుద్దితే సూది గుచ్చినట్టు చుక్కలు. కింద టార్చ్ పెడితే ఆ చుక్కల్లో నాలుగింటిలోంచి వెలుతురు కనిపించింది. మందు లేని మంచి ప్లైవుడ్ తీసుకుని నాలుగు అంచులకూ ఎపాక్సీ పట్టించండి, లేదా అల్యూమినియం రేకే వేయండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే కింద సీలెంట్ రాయండి. అడుగున రాగి నాణెం, ఇత్తడి అడుగున్న తూటా తొడుగు పడితే ఆ రోజే ఏరేయండి.

వైరింగ్‌లో ఒకటే మాట: బోటు రేకును నెగటివ్ వైరులా వాడొద్దు. ప్రతి లైటుకూ, పంపుకూ రెండు వైర్లు బ్యాటరీ దాకా రావాలి, పాజిటివ్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. రేకులోంచి కరెంటు పారితే మోటారు, అడుగు రెండూ త్వరగా పాడవుతాయి.

మాటు కట్టాక చీకట్లో ఒకసారి ఒడ్డున నిలబడి బోటును చూడండి. ముందున్న ఎరుపు, ఆకుపచ్చ లైట్లు, వెనక తెల్లలైటు గడ్డి వెనక దాక్కుని ఉంటాయి. తెల్లవారుజామున ఇంకో బోటు మీ మీదికి రాకుండా కాపాడేవి అవే. పొడుగు కడ్డీ మీద ఎత్తుగా బిగించండి. ఎండుగడ్డి మాటులో ప్రొపేన్ హీటర్ పెట్టేవాళ్ళను చూశాను. నిప్పు అంటుకుంటే దూకడానికి ఉన్నది గడ్డకట్టే నీళ్ళే, మూసిన మాటులో కార్బన్ మోనాక్సైడ్ భయం వేరే. హీటర్ వద్దు, ఇంకో పొర బట్ట వేసుకోండి.

తుపాకీ, కాగితాలు

మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీ ఒకసారి పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి, ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. మిన్నెసోటాలో 1979 తర్వాత పుట్టినవాళ్ళకు లైసెన్సు కావాలంటే ఫైర్‌ఆర్మ్స్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కోర్సు మొక్కుబడిగా కాకుండా మనసుపెట్టి చేయండి.

16 ఏళ్ళు నిండినవాళ్ళకు 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (బాతుల వేటకు కొనాల్సిన అనుమతి స్టాంపు) కావాలి. బాతులకు సీసపు గుండ్లు 1991 నుంచి దేశమంతా నిషేధం, స్టీలో బిస్మతో వాడాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. మోటారు ఆపి, దాని వేగంతో బోటు కదలడం పూర్తిగా ఆగాకే పేల్చాలి. దీమాలు వేసి, బోటు నిలిపేదాకా తుపాకీ ఖాళీగా, కవరులోనే ఉండాలి. ఇద్దరుంటే ఎవరు ఏ వైపు కాల్చాలో ముందే మాట్లాడుకోండి, కూర్చునే కాల్చండి. కుక్క దూకే క్షణానికి ఇద్దరూ నిలబడి ఉంటే బోటు తిరగబడుతుంది. ఈ వేట అనుమతి ఇక్కడి వరకే. శీతాకాలంలో కొల్లేరుకూ పులికాట్‌కూ వచ్చే సూదితోక బాతుల మీద తుపాకీ ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. సెలవులకు ఊరెళ్ళినప్పుడు కెమెరా తీసుకెళ్ళండి.

చల్లనీళ్ళు

ఇక్కడ బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయేవారిలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళే. పెద్దవాళ్ళ జాకెట్ వేసుకోకుండా చేతికందే చోట ఉంచితే చట్టానికి సరిపోతుంది, మనిషికి సరిపోదు. చలినీళ్ళ గురించి 1-10-1 అని నేర్పుతారు. పడగానే ఊపిరి అదుపు తప్పి ఎగపోస్తుంది, అది నెమ్మదించడానికి ఒక నిమిషం. ఆ తర్వాత చేతులు, కాళ్ళు మాట వినేది సుమారు 10 నిమిషాలు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు గంట. ఈత ఎంత బాగా వచ్చినా, ఆ మొదటి నిమిషంలో ఒక్క గుటక నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే. గోదావరిలో ఈదినవాణ్ణి నాకేం భయం అనే అన్నయ్యలు మనలో ఉన్నారు. ఆ ఈత వెచ్చటి నీళ్ళలో నేర్చింది. మోటారు ఆపే కిల్ స్విచ్ తాడు జాకెట్‌కు తగిలించుకోండి. వేడర్ల బెల్టు బిగించండి. బోటు తిరగబడితే ఒడ్డుకు ఈదబోకుండా బోటునే పట్టుకోండి, వీలైతే దానిపైకెక్కండి.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, ఏ రేవులో కారు పెట్టారో ఇంట్లోవాళ్ళకు మెసేజ్ పెట్టండి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం బోటును నవంబర్ సామాను మొత్తంతో నింపి, నడుంలోతు నీళ్ళలో దించండి. నీళ్ళకూ బోటు అంచుకూ మధ్య ఎన్ని అంగుళాలు మిగిలాయో టేపుతో కొలవండి. తర్వాత పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, వేడర్లు, లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ళలోకి దిగి, తిరిగి మీ అంతట మీరు బోటెక్కి చూడండి. ఎక్కలేకపోతే వెనక ఒక మడత నిచ్చెన బిగించి, మరుసటి వారం మళ్ళీ ప్రయత్నించండి.