వందేళ్ల కిందట మీ ఊళ్లో ఏం పండేదో తెలుసుకోవాలంటే (అనంతపురం వాళ్లకి)

ముందు జిల్లా పేరు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో, అంతకు ముందు చాలా భాగం బళ్లారి కిందే ఉండేది. అందుకని పాత కాలానికి 1872 నాటి బళ్లారి మాన్యువల్, తర్వాతి కాలానికి 1905 అనంతపురం గెజిటీర్ తీయండి (రెండూ జిల్లా వివరాలన్నీ రాసిన బ్రిటిష్ కాలం నాటి పుస్తకాలే). కదిరి వాళ్లు 1910 దాకా కడపలో ఉన్నారు కాబట్టి వాళ్లకి 1875 కడప మాన్యువల్, రాయదుర్గం అయితే 1953లో గానీ మనలో కలవలేదు, వాళ్లు 1904 బళ్లారి గెజిటీర్ చూసుకోవాలి. వీటి స్కాన్‌లు నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి.

గెజిటీర్ తెరవగానే రాజుల చరిత్ర చదువుతూ కూర్చోకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. వ్యవసాయం, నీటిపారుదల గురించిన చాప్టర్ చదివి నేరుగా చివరికి పోండి, అక్కడ తాలూకాల వారీగా ఊళ్ల గురించి రాసుంటారు. చోళం అని కనిపిస్తే జొన్న, కంబు అంటే సజ్జ, మద్రాసు ఆఫీసుల అలవాటు అది. ఇప్పుడు ఎటు చూసినా వేరుశనగే కదా, అప్పట్లో మాత్రం కొర్ర, జొన్న, ఉలవ, నల్లరేగడిలో పత్తి ఇవే ఎక్కువ.

అసలు సరుకంతా చెరువు దగ్గర ఉంటుంది. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన పడే చోట మాగాణి ఉందంటే దాని పైన చెరువో కాలవో బావో ఉండి తీరాలి, అందుకే మీ చెరువు పేరు పట్టుకుని వెతకండి. దశబంధం ఇనాం అని తగిలితే అస్సలు వదలొద్దు, చెరువు కట్టినవాళ్లకో బాగుచేసినవాళ్లకో ఇచ్చిన మాన్యం అది, ఆ చెరువును ఎవరు చూసుకునేవాళ్లో దాన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత పొలం లెక్క. తహసీల్దార్ ఆఫీసులో గానీ కలెక్టరేట్ రికార్డ్ రూంలో గానీ డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉండే పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్), ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకలు కోసం అర్జీ పెట్టండి, అందులో సర్వే నంబర్ వారీగా మెట్టా మాగాణా, నేల తరం ఏంటి, శిస్తు ఎంత, అన్నీ ఉంటాయి. మీ ఊళ్లో రీసర్వే అయిపోయుంటే కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్ ఇక్కడ పనికిరాదు, పాత పాస్‌బుక్‌లోనో దస్తావేజులోనో ఉన్న సర్వే నంబరే ఇవ్వాలి. ఫసలీ సంవత్సరం (జూలైలో మొదలయ్యే రెవెన్యూ ఏడాది) రాసుంటే 590 కలపండి, ఫసలీ 1316 అంటే 1906 జూలైలో మొదలైన ఏడాది.

జనాభా, సాగు లెక్కలు పోల్చేటప్పుడు మాత్రం 1881 జనాభా లెక్కల అంకెలతో జాగ్రత్త, 1876-78 కరువులో జనం అంతలా పోయారు కాబట్టి వాటిని మామూలు లెక్క అనుకుంటే తర్వాత పెరిగినదంతా అభివృద్ధిలా కనిపిస్తుంది. 1871 అంకె కూడా పక్కన పెట్టుకుని చూడండి.