పూడిక తీసే రోజులు: రెండో మనిషి బావిలోకి దిగొద్దు

ఎండలు ముదిరాయి. బావులు అడుగంటాయి. పూడిక తీతలు మొదలయ్యాయి, మొన్న మళ్లీ అదే వార్త వచ్చింది. మోటారు చూద్దామని పాత బావిలోకి దిగినాయన పైకి రాలేదు. అన్నకి ఏమైందోనని తమ్ముడు దిగాడు. ఇద్దరి కోసం పక్క చేనాయన దిగాడు. ముగ్గురూ పోయారు. ఏళ్ల కిందట మా ఊరి బావి గట్టున నిలబడి ఇలాంటిదే కళ్లారా చూశాను. ఆ రోజు రెండోవాణ్ని పట్టుకుని ఆపలేకపోయాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మోకు గట్టిదా, గిలక తిరుగుతోందా, గట్టు విరిగి పడుతుందా అన్నవి మీకు నాకన్నా బాగా తెలుసు. కంటికి కనపడని సంగతి ఒక్కటే చెబుతాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తులను సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. ఆక్సిజన్ తిత్తిలో ఎక్కువ, రక్తంలో తక్కువ కాబట్టి రక్తంలోకి వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ అనే పదార్థం దాన్ని పట్టుకుంటుంది, గుండె మెదడుకు చేరవేస్తుంది. మనిషికైనా గేదెకైనా ఇదే ఏర్పాటు. ఇందులో ఆక్సిజన్‌ను లాక్కొచ్చే యంత్రమేదీ లేదు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అది పోతుంది, అంతే.

మరి పాత బావి అడుగున ఉండగల, ఆక్సిజన్ దాదాపు లేని గాలి పీలిస్తే? దారి తిరగబడుతుంది. రక్తంలో ఉన్నది కూడా తిత్తుల్లోకి వచ్చి, ఊపిరితో బయటికి పోతుంది. ఆ వట్టి రక్తాన్నే గుండె కొన్ని సెకన్లలో మెదడుకు పంపేస్తుంది. ఊపిరి బిగబట్టినవాడు నిమిషం ఓర్చుకోగలడు. ఆ గాలిని నాలుగుసార్లు పీల్చినవాడు అర నిమిషం కూడా నిలబడలేడు.

కాపాడటానికి దిగేవాడి సంగతి చూడండి. పరుగెత్తుకొచ్చాడు, రొప్పుతున్నాడు, గుండె దడదడలాడుతోంది. కాబట్టి మొదటివాడికన్నా త్వరగా పడిపోతాడు. ఊపిరి బిగబట్టి దిగుతానంటాడు. అడుగున మనిషిని ఎత్తబోయేసరికి ఆ ఊపిరి వదలక తప్పదు. దిగొద్దు.

"ఇబ్బందనిపిస్తే వెంటనే పైకి వచ్చేస్తా" అన్న మాట అసలు నమ్మొద్దు. ఊపిరాడటం లేదన్న బాధ ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పుడుతుంది, ఆక్సిజన్ తగ్గితే కాదు. మీథేన్ (కుళ్లిన చెత్త నుంచి పుట్టే, మండే వాయువు) నిండిన చోట కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. ఉక్కిరిబిక్కిరి ఏమీ ఉండదు. తల తిరుగుతుంది, కాళ్లు తేలిపోతాయి, పడిపోతాడు.

దిగకముందే ఛాతీకి, భుజాల మీదుగా తాడు కట్టండి. రెండో కొస పైన ఇద్దరి చేతుల్లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎందుకంటే అతను పడిపోతే ఎవరూ దిగకుండానే పైకి లాగొచ్చు.

గాలి ఊదే బ్లోయర్ పైపు అడుగుదాకా దించండి. మనిషి లోపలున్నంతసేపూ ఆపొద్దు.

వేపకొమ్మలు తిప్పి, నీళ్లు చల్లి సరిపెట్టొద్దు.

దీపం దించి ఆరలేదని ధైర్యపడొద్దు. విషవాయువుంటే దీపానికి తెలియదు. మీథేన్ ఉంటే మంట అంటుకుంటుంది.

ఆయిల్ ఇంజన్ బావిలోకి దించొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక రక్తంలో ఆక్సిజన్‌కు చోటు ఉండదు.

సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించనే దించొద్దు. రక్షణ పరికరాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదు. ఆ వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువైతే ముక్కే పనిచేయదు.

మాట్లాడిస్తూ ఉండండి. బదులు రాకపోతే తాడు లాగండి. తొంగి చూస్తూ నిలబడొద్దు.

తాడు కట్టలేదా? అయినా దిగొద్దు. 101కి (ఫైర్ సర్వీసు), 108కి (అంబులెన్సు) ఫోన్ చేయండి. గాలి సిలిండరు, మాస్కు ఉన్నవాళ్లే దిగాలి.

పైకి తీశాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. 108 వచ్చేదాకా ఆపొద్దు.

అంతసేపూ అతని తమ్ముణ్నో కొడుకునో ఇద్దరు గట్టిగా పట్టుకోండి. ఏడుస్తాడు, తిడతాడు, కొడతాడు. వదలొద్దు.