కరణం కట్టల్లోని రాతను ఏఐతో ఎక్కించడం: ఎక్కడెక్కడ తప్పుతుంది, ఎలా పట్టుకోవాలి

1984లో గ్రామ కరణాల పదవులు పోయాయి గానీ, లెక్కల కట్టలు ఇంకా చాలా ఇళ్ల అటకల మీదే ఉన్నాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు పాత మిద్దె విప్పితే విక్రయ దస్తావేజులో, భోగ్యం పత్రాలో, చెల్లుచీట్లో, ధాన్యం లెక్కలో ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ రాతను చదివేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు ఫోన్లో ఉన్న ఏఐ చదువుతుంది, కానీ గుడ్డిగా నమ్మేంత బాగా చదవదు. మేలైన సంగతేమంటే అది ఎక్కడపడితే అక్కడ తప్పు చదవదు. కొన్ని గుర్తుల దగ్గరే తప్పుతుంది. ఆ గుర్తులు తెలిసినవాడికి సగం పని అయిపోయినట్టే. ఇక్కడ చెప్పేదంతా సిరా, కాగితం పత్రాల గురించి. తాటాకులది వేరే లెక్క.

ముందు ఫోటో. సముద్రపు గాలి తగిలే కొత్తపట్నం, అల్లూరు వైపు కాగితాలు చెమ్మెక్కి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. లాగితే చినుగుతాయి. నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పల్చటి ప్లాస్టిక్ స్కేలుతో మెల్లగా విడదీయాలి. ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు, చిరుగులకు సెలోటేపు వేయొద్దు, లామినేషన్ అసలు వద్దు. మడతల దగ్గర విరిగిన ముక్కలను వాటి చోట్లో పేర్చి ఫోటో తీసుకుంటే చాలు, అతికించే పని లేదు.

12 మెగాపిక్సెళ్ల ఫోన్ సరిపోతుంది. 4000×3000 బొమ్మలో ఏ4 కాగితం నిండుగా పడితే అంగుళానికి 340 చుక్కల దాకా వస్తాయి. 300కు తగ్గకుండా చూసుకోవాలి. ఫ్లాష్ ఆపేయండి. వసారాలో పొద్దుటి వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన పట్టుకోవాలి. పల్చటి కాగితమైతే వెనకవైపు రాత ఇటు తేలి కనిపిస్తుంది. కాగితం కింద నల్ల చార్టు ముక్క పెడితే అది చాలావరకు అణిగిపోతుంది. తెల్ల అట్ట పెడితే ఇంకా తేలుతుంది. స్కానర్ యాప్‌లో నలుపు–తెలుపు మోడ్ వాడొద్దు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ సన్నటి దీర్ఘాలు, పొల్లులు, అరసున్నలు అందులోనే ఎగిరిపోతాయి.

పేజీ మొత్తాన్ని ఒకేసారి ఏఐకి ఇవ్వడం అందరూ చేసే పొరపాటు. చాట్ ఏఐలు పెద్ద బొమ్మను లోపల కుదించి చూస్తాయి. మీరు తీసిన 4000 పిక్సెళ్లు దాని కంటికి అన్నీ అందకపోవచ్చు. అందుకని ఎనిమిది పది వరుసల చొప్పున కత్తిరించి ఇవ్వాలి. ప్రతి ముక్కలో కిందటి ముక్కలోని చివరి వరుస మళ్లీ రావాలి, లేకపోతే వరుస జారిపోయినా తెలియదు. కత్తిరించేటప్పుడు కింద కొంచెం జాగా వదలాలి. మన వత్తులు వరుస కిందికి వేలాడతాయి కదా, అంచు బిగిస్తే వత్తు తెగి ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అవుతుంది. గొలుసుకట్టు రాతలో పై వరుస వత్తు కింది వరుస గుడి మీద వాలి ఉంటే యంత్రం దాన్ని కింది అక్షరానికి తగిలిస్తుంది. అర్థంలేని సంయుక్తాక్షరం కనబడితే ముందు పై వరుస చూడండి.

బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది గానీ అది అచ్చు అక్షరాలకు తయారైనది, చేతిరాతకు పనికిరాదు. జెమినీ, చాట్‌జీపీటీ, క్లాడ్ లాంటి చాట్ ఏఐలు చదువుతాయి. ఆదేశం ఇలా ఉండాలి:

“ఈ బొమ్మలోని పాత తెలుగు చేతిరాతను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయి. ఏ వరుసకు ఆ వరుస విడిగా ఇవ్వు. వర్ణక్రమం దిద్దకు. ‘యిచ్చిన’, ‘వ్రాయించి’, ‘యెకరాలు’ అని ఉంటే అలాగే ఉంచు. తెలుగు అంకెలను తెలుగు అంకెలుగానే రాయి. తెలియని అక్షరం దగ్గర [?], చిరిగినచోట [చిరుగు] పెట్టు. ఊహించి పూరించకు.”

ఆఖరి మాటే ముఖ్యం. దస్తావేజు ఎలా నడుస్తుందో ఏఐకి తెలుసు. ‘కాపురస్థులు’, ‘వ్రాయించి యిచ్చిన’, ‘హద్దులు’ అన్న మాటలు కనబడితే చెదలు తిన్న రెండు వరుసలను కూడా చక్కటి భాషలో అల్లేస్తుంది. చదవడానికి ఎంత సాఫీగా ఉంటే అంత అనుమానించాలి.

ఊరి పేర్లు ఇంకో తలనొప్పి. పాడు, పాలెం, కూరు, గుంట అని ముగిసే ఊళ్లు మన వైపు బోలెడు. కాగితం ఏ తాలూకాదో తెలిస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ఆదేశం కింద ఇవ్వండి. ఫలితం బాగుపడుతుంది. కానీ అలా ఇస్తే గుడ్లూరు కానిదాన్ని కూడా గుడ్లూరుగా చదివే అలవాటు పట్టుకుంటుంది. కాబట్టి జాబితాతో ఒకసారి, జాబితా లేకుండా కొత్త చాట్‌లో ఇంకోసారి చదివించి, రెండూ తేడా పడ్డ చోట్ల మీ కళ్లతో చూడాలి.

ఇక అసలు తప్పులు. మొదటిది వలపలగిలక. పాతవాళ్లు ‘సర్వ’ను ‘సవ౯’ అని, ‘కార్తీక’ను ‘కాతీ౯క’ అని రాసేవాళ్లు. ర పొల్లు హల్లు తర్వాత, తొమ్మిది అంకెలా వస్తుంది. యంత్రం దాన్ని తొమ్మిదిగా చదువుతుంది, లేదా వదిలేస్తుంది. మాట మధ్యలో గానీ చివర గానీ అక్షరానికి అతుక్కుని ౯ కనబడితే అది అంకె కాదు.

రెండోది పొడి అక్షరాల పక్కన నిలువు గీతలు. ‘మ॥రా॥రా॥శ్రీ’ అంటే మహారాజరాజశ్రీ. ‘రూ॥ ౫౦’ అంటే యాభై రూపాయలు. ఆ రెండు గీతలను పదకొండుగా చదివితే యాభై కాస్తా 1150 అవుతుంది. పత్రంలో సొమ్ము అంకెల్లోనూ, ‘అక్షరాలా’ అంటూ మాటల్లోనూ ఉంటే రెండూ సరిచూడకుండా ముందుకు పోవద్దు.

అన్నిటికన్నా చిక్కుది భిన్నాల గుర్తులు. పాత లెక్క నాలుగుతో నడుస్తుంది. నిలువు గీత పావు, అడ్డగీత పావులో పావు, అంటే పదహారో వంతు. రూపాయికి 16 అణాలు కాబట్టి నిలువు గీత ఒక్కంటికి నాలుగణాలు, అడ్డగీతకు అణా. ‘రూ॥ ౫౺౼’ అని ఉందనుకోండి: అయిదు రూపాయలు, రెండు నిలువు గీతలు ఎనిమిది అణాలు, ఒక అడ్డగీత ఒక అణా, వెరసి 5 రూపాయల 9 అణాలు. ఇదే పద్ధతి ధాన్యానికీ సరిపోతుంది. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, కాబట్టి తూము పక్కన నిలువు గీత కుంచం, అడ్డగీత మానిక. ఏఐ నిలువు గీతలను ఒకట్లుగానో వాక్యం చివరి దండగానో, అడ్డగీతను ఖాళీ కింద గీసిన డ్యాష్‌గానో తీసుకుంటుంది. ఈ గుర్తులు 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నాయి, తూముకు ౿ గుర్తు కూడా ఉంది. కొన్ని ఫాంట్లలో ఖాళీ డబ్బాల్లా కనిపిస్తాయి, కంగారు పడొద్దు. గుర్తు ఉంచి, పక్కనే [5 రూ. 9 అ.] అని మామూలు అంకెల్లో రాసుకోండి. పద్దుల పేజీ అయితే మొత్తం కూడి చూడండి. కింద రాసిన మొత్తంతో కలవకపోతే ఎక్కడో ఒక గీత పోయింది.

తేదీలను కూడా ఒకదానితో ఒకటి సరిచూడొచ్చు. ఫసలీకి (జులైలో మొదలయ్యే శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం, శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం. ఫసలీ 1302 జులై 1892లో మొదలైంది, శకం 1814, సంవత్సరం నందన. ఈ మూడింట్లో రెండు కలిసి ఒకటి కలవకపోతే చదవడంలో తప్పు ఆ ఒక్కదాంట్లోనే ఉండొచ్చు. సంవత్సరం పేరు నందనమో, నందనో, ‘నందననామ’ అని అతుక్కుని ఉందో చూసుకోవాలి.

జిల్లా పేరును మాత్రం సరిచేయకండి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత గుంటూరులోకి పోయింది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కందుకూరు 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. పాత పత్రంలో ఏ జిల్లా ఉంటే అదే రాసి, ఇప్పటి జిల్లాకు పట్టికలో వేరే గడి పెట్టుకోవాలి.

ఒకే చేతిరాతలో వంద పేజీల పైన ఉన్న కట్ట దొరికితే చాట్ ఏఐతో కుస్తీ పట్టడం కన్నా పాత చేతిరాతలను చదివించే ట్రాన్స్‌క్రిబస్ అనే వేదికలో ఆ రాతనే నేర్చుకునే సొంత నమూనా (మోడల్) తయారుచేసుకోవడం మేలు. దానికి చేత్తో సరిగ్గా ఎక్కించిన 5,000 నుంచి 15,000 మాటలు కావాలి, అంటే సుమారు 25 నుంచి 75 పేజీలు. ఆ పేజీలను వరుస తప్పకుండా ఎక్కించడమే అసలు శ్రమ. వాటిలో పది పేజీలను తర్ఫీదుకు వాడకుండా విడిగా పెట్టి, నమూనా ఎంత చదువుతోందో వాటి మీదే చూడాలి. వేరే కరణం రాతకు ఇది పనిచేస్తుందని ఆశపడొద్దు. కరణం మారితే చేతివాటం మారుతుంది.

బతికున్నవాళ్ల హక్కులున్న పొలం కాగితాలను ఉచిత ఖాతాల్లోకి ఎక్కించే ముందు, పంపిన బొమ్మలను తర్ఫీదుకు వాడుకునే సెట్టింగు ఆపేయండి. ఏఐ ఎత్తిరాసింది మీకు చదువుకోవడానికే. కోర్టులో గానీ కొనుగోలులో గానీ కావలసింది అసలు పత్రం, లేదా రిజిస్టరైన పత్రమైతే రిజిస్ట్రారు కచేరీ ఇచ్చే ధ్రువీకరించిన నకలు.

దాచేటప్పుడు ప్రతి పేజీకి మూడు ఫైళ్లు ఉండాలి: దిద్దని అసలు ఫోటో, ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసిన పాఠం, మాటలు విడదీసి నేటి తెలుగులో రాసుకున్న పాఠం. మూడింటి పేర్లూ ఒకేలా మొదలయ్యేలా పెట్టండి, ‘కందుకూరు-ఫ1302-కట్ట2-పేజీ014’ లాగా. పేజీ సంఖ్యకు మూడంకెలు లేకపోతే కొన్ని చోట్ల కంప్యూటర్ 10ని 2 కన్నా ముందు పేరుస్తుంది. కట్టను మళ్లీ కట్టేటప్పుడు పాత రబ్బరు బ్యాండ్లు తీసేసి నూలు నాడా వాడండి, ఫోటో తీసిన వరుసలోనే పేర్చండి.