ఇంట్లో మనిషి కనిపించకుండా పోతే మనసును ఎలా నిలబెట్టుకోవాలి?

1. ముందు స్టేషన్‌కు వెళ్లండి. ఫిర్యాదుకు 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు. పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయండి.

2. ఫోన్ మరొకరికి అప్పగించండి. ఫొటో వాట్సాప్‌లో తిరగడం మొదలైతే చాలు, “మీ నాన్నగారిలాంటాయన బస్టాండులో ఉన్నారండీ” అంటూ ఎవరెవరో చేస్తారు. ప్రతిసారీ ప్రాణం లేచొస్తుంది, కాదని తెలిశాక కూలబడిపోతాం. నిబ్బరంగా మాట్లాడే బావగారో, స్నేహితుడో ఎత్తి, టైము, నంబరు, చెప్పిన మాట ఒక నోటుపుస్తకంలో రాయాలి. “డబ్బు పంపితే చెప్తాం” అన్నవాళ్ల నంబరు నేరుగా పోలీసులకే.

3. వెతకడానికి వంతులు వేసుకోండి. వంతు లేనివాళ్లు తిని పడుకోవాలి. నిద్ర పట్టకపోయినా నడుం వాల్చాలి.

4. రెండు మాటలనూ మనసులో ఉండనివ్వండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. పోయారని తెలిస్తే ఏడుస్తాం, పెద్దకర్మ చేస్తాం, దుఃఖానికి ఒక దారి దొరుకుతుంది. ఇక్కడ అదీ లేదు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు పౌలిన్ బాస్ ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. మన మాటల్లో తేలని నష్టం అనొచ్చు. వస్తారనో రారనో ఏదో ఒకటి తేల్చుకోమని ఆమె అనరు. “రావచ్చు, రాకపోనూవచ్చు” అని రెండూ అనుకుంటూనే పొయ్యి వెలిగించొచ్చు, ఆఫీసుకు వెళ్లొచ్చు. మా వీధిలో ఒకావిడ రోజూ రాత్రి భర్త కంచంలో అన్నం పెట్టి మూత వేసేది, పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చునేది. ఆవిడకు పిచ్చి పట్టిందన్నారు కొందరు. నాకలా అనిపించలేదు.

5. చుట్టాల తొందరకు లొంగకండి. “ఇంకా బొట్టెందుకమ్మా” అనేవాళ్లు బయల్దేరతారు. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతేగానీ మన చట్టమే ఆ మనిషి పోయినట్టు అనుకోదు, వీళ్లకెందుకంత కంగారు? అంజనం వేయిద్దామనే పెద్దవాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి. కాకపోతే “ఉత్తరాన, నీళ్ల పక్కన” అన్నారని అసలు వెతుకులాట ఆపేసి అటు పరుగెత్తొద్దు.

6. వారాల తరబడి నిద్ర లేకపోయినా, నవ్వినందుకే తప్పు చేసినట్టు అనిపిస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకండి.

7. పిల్లలతో “ఊరెళ్లారు” అనకండి. బడిలో ఎలాగూ వింటారు. “తాతయ్య ఎక్కడున్నారో తెలియదమ్మా, అందరం వెతుకుతున్నాం” అనండి. మర్నాడు పాప మళ్లీ అడుగుతుంది. మళ్లీ అదే చెప్పండి.