బతుకమ్మ ఆటతో మహిళా సంఘాన్ని కట్టడం ఎలా

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీవాద సంఘం పెట్టదలచినవారు దేవుణ్ణి పక్కన పెట్టి రమ్మంటే చాలామంది గడప దాటరు. అయితే బతుకమ్మ పండుగలో పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడవాళ్లు తమంతట తాము గుమిగూడే చోటు ఉండనే ఉంది. పని అక్కడే మొదలుపెట్టండి.

పండుగకు నెల ముందే వాడవాడకూ తిరిగి, గత ఏడాది ఎవరెవరు ఆడారని కాక, ఎవరు రాలేదని అడగండి. చాలా ఊళ్లలో భర్త పోయిన ఆడవాళ్లను పసుపు బొట్టుకు పిలవరు. కొన్నిచోట్ల దళితవాడ బతుకమ్మ విడిగానే ఆడుతుంది. మా ఊళ్లో భర్త పోయిన ఒక పెద్దమ్మ గునుగుకు రంగులద్ది, తంగేడు వరుసలు పేర్చి, పసుపు గౌరమ్మను చేసి, వాకిట్లోనే ఆగిపోయేది. దాని మీద ఉపన్యాసం ఇస్తే ఫలితం ఉండదు. సంఘంలో అందరూ గౌరవించే ముసలమ్మతో ముందే మాట్లాడి, "ఇస్తినమ్మ వాయినం" అంటూ మొదటి వాయినం ఆ పెద్దమ్మ చేతికే ఇప్పించాం. ఆ సాయంత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మరుసటి ఏడు ఇంకో ముగ్గురు వచ్చారు.

పాట మీ చేతిలో ఉన్న గట్టి సాధనం. "ఉయ్యాలో" వరుసలో కూలి రేటు, తాగుడు, అమ్మాయి చదువు గురించి వాళ్లే చరణాలు కట్టుకోనివ్వండి. మీరు రాసి ఇవ్వకండి. అయితే దెబ్బలు తిన్న మనిషి కథను ఆమె ఒప్పుకోకుండా పాటలోకి తేవద్దు. ఆమెతో విడిగా కూర్చొని 2005 నాటి గృహహింస నిరోధక చట్టం గురించీ, మహిళల సహాయ ఫోన్ నంబరు 181 గురించీ చెప్పండి.

సమావేశాలను మాత్రం గుడిలో పెట్టకండి, ముస్లిం, క్రైస్తవ అక్కలకు అది మూసిన తలుపే అవుతుంది. శుక్రవారం నమాజు, ఆదివారం ప్రార్థన వేళలు చూసుకొని, బడి ఆవరణలోనో చెట్టు కిందనో కూర్చోండి. నమ్మకం లేనివారిని పూజకు బలవంతపెట్టడం కూడా తప్పే. మేడారం తల్లీకూతుళ్లు సమ్మక్క, సారలమ్మల కథ ఎత్తుకునేటప్పుడు అది కోయల సంప్రదాయమని గుర్తుంచుకొని, చెప్పే బాధ్యత కోయ అక్కలకే వదిలిపెట్టండి.

సద్దుల నాడు చెరువు గట్టున మలీద పంచుతున్నప్పుడే తర్వాతి సమావేశం తేదీ చెప్పండి. దసరా దాటితే పత్తి ఏరుడు మొదలై ఎవరికీ తీరిక దొరకదు.