తక్కువ ఎత్తు గదుల్లో లైట్లు: ఫాల్స్ సీలింగ్ మొదలెట్టే ముందు జాగ్రత్తలు

పాత ఫ్లాటు బాగుచేయించుకుందాం అనుకోగానే మనవాళ్లు ముందు హైదరాబాద్ ట్రూప్ బజార్‌కి వెళ్లి లైట్లు చూసొస్తారు. షాపులో పైకప్పు ఎక్కడో ఉంటుంది కాబట్టి వేలాడే ఏ ఝూమరైనా ముద్దొస్తుంది. ఇంట్లో బిగించాక నెత్తికి తగులుతుంది. అందుకే ముందు టేపు పట్టుకుని గది ఎత్తు కొలవండి. అదీ ఇవాళ ఉన్న ఎత్తు కాదు, పనంతా అయ్యాక మిగిలే ఎత్తు.

శ్లాబు 9 అడుగులు ఉందనుకుందాం. పాత టైల్స్ మీదే కొత్తవి వేయిస్తే దగ్గర దగ్గర అంగుళం పోతుంది. శ్లాబు కింద జిప్సమ్ బోర్డులతో వేసే ఫాల్స్ సీలింగ్ ఇంకో 4, 5 అంగుళాలు మింగుతుంది. ఇప్పుడు ఫ్యాన్ సంగతి చూడండి. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఏసీ ఉన్న ఇంట్లోనూ ఫ్యాన్ తిరగాల్సిందే కదా. రెక్కలకీ సీలింగ్‌కీ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉంటేనే గాలి సరిగ్గా వస్తుంది. అంటే రెక్కల కింద మిగిలేది ఏడున్నర అడుగులే. ఫ్యాన్ అడుగుభాగం నేలకి 2.4 మీటర్లు, అంటే సుమారు 7 అడుగుల 10 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది మామూలు లెక్క. పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకున్నప్పుడు ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

నన్నడిగితే 9 అడుగుల పడగ్గదికి పూర్తి ఫాల్స్ సీలింగ్ వద్దు. గోడల వెంబడి అడుగున్నర వెడల్పు పట్టీ మాత్రం దింపి, మధ్యలో శ్లాబు వదిలేయండి. పట్టీలో స్ట్రిప్ లైటు పెడితే వెలుగు పైకి కొట్టి గది ఎత్తుగా కనిపిస్తుంది. పట్టీ కూడా ఎందుకనుకుంటే శ్లాబుకే అతుక్కునే పల్చటి సర్ఫేస్ ప్యానెల్ లైట్లు చాలు. వేలాడే లైటు మీద మోజుంటే డైనింగ్ టేబుల్ పైన పెట్టుకోండి, దాని కింద ఎవరూ నడవరు.

అందరూ చేసే తప్పు ఇంకోటుంది. మేమూ చేశాం. సీలింగ్‌లో నాలుగు లైట్లు ఫ్యాన్‌కి దగ్గరగా పెట్టించాం. స్విచ్ వేస్తే రెక్కల నీడలు గదంతా టపటపా కొట్టుకునేవి. రెండో రోజుకే అమ్మకి తలనొప్పి. 48 అంగుళాల ఫ్యాన్ రెక్క మధ్య నుంచి 2 అడుగుల దాకా తిరుగుతుంది. లైట్లు దానికి బాగా బయట, గోడకి అడుగున్నర, రెండడుగుల దూరంలో ఉండాలి. రంధ్రాలు కోసే ముందు ఎలక్ట్రీషియన్ చేత పెన్సిల్‌తో గుర్తులు పెట్టించి, కింద నిలబడి చూసుకోండి.

10 బై 12 గదికి మొత్తం 25 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది, మూలకొకటి పెట్టి ఆపరేషన్ థియేటర్ చేయకండి. పడగ్గదికి 3000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) పసుపు వెలుగు, వంటింటికి ఇంకాస్త తెల్లగా ఉండే 4000. లైట్లు కొనేటప్పుడు అదే మోడల్ రెండు అదనంగా తెచ్చుకోండి. మూడేళ్ల తర్వాత ఒకటి పోతే ఆ రంధ్రం సైజుకి సరిపోయేది దొరక్క ఊరంతా తిరగాలి.

వానల ముందు పని పెట్టుకుంటే టెన్షన్ ఎక్కువ. మీది చివరి అంతస్తయితే ఒక గట్టి వాన పడి, శ్లాబు చెమ్మ లేదని తేలేదాకా సీలింగ్ మూయొద్దు. పైవాళ్ల బాత్రూమ్ కింద గదైనా అంతే, ముందు లీకేజీ చూసుకోవాలి. తడి సీలింగ్‌లో కరెంటు తీగలుంటే షాక్ ప్రమాదం. కరెంటు మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఈ పనిలోనే పెట్టించండి. ఫ్యాన్ ఎప్పుడూ శ్లాబులోని హుక్కుకే వేలాడాలి, జిప్సమ్ ఫ్రేముకి కాదు. మేస్త్రీ 'ఏం కాదు సార్' అన్నా ఒప్పుకోకండి.

జిప్సమ్ బోర్డులు బిగించే ముందు తీగలు, ఎల్‌ఈడీ డ్రైవర్లు (లైట్లకి కరెంటు అందించే చిన్న డబ్బాలు), జాయింట్లు ఎక్కడెక్కడున్నాయో కొలత టేపు పక్కనే కనిపించేలా పెట్టి ఫొటోలు తీయండి. రేపు కర్టెన్ రాడ్ కోసం డ్రిల్ పెట్టేటప్పుడు అవే చూసుకోవాలి.